రీల్స్ సరే... ఒక్క రీలు కడిగి చూడండి!

ఇంటర్వ్యూలో చాలామంది తడబడేది కష్టమైన ప్రశ్న దగ్గర కాదు, తేలికైన ప్రశ్న దగ్గర. "మొదటి నుంచి చివరి దాకా మీ చేతులతో మీరే చేసిన పని ఒకటి చెప్పండి. అందులో ఏం తేడా వచ్చింది? ఎందుకు వచ్చిందో ఎలా కనిపెట్టారు?" అని అడిగితే చాలు, నోట మాట రాదు. రెజ్యూమెలో ప్రాజెక్టు పేరు ఉంటుంది. అది నలుగురి బ్యాచ్‌లో ఎవరో ఒకరు చేసింది కావచ్చు, సీనియర్ దగ్గర తెచ్చుకున్నది కావచ్చు, డబ్బిచ్చి కొనుక్కున్నదీ కావచ్చు. ఆన్‌లైన్ సర్టిఫికెట్లు కూడా ఉంటాయి. వీడియోలు చివరి దాకా చూశారని అవి చెబుతాయి గానీ, పని చేశారని చెప్పవు.

అందుకే మీకు కాస్త విచిత్రంగా అనిపించే సలహా ఒకటి ఇస్తాను. ఈ సెలవుల్లో ఇంట్లో ఒక కలర్ ఫిల్మ్ రీలు కడగండి. ఫోన్లో వేలితో తోసేసే రీలు కాదు. మీ అమ్మానాన్నల పెళ్లి ఫొటోలు తీసిన రీలు ఉంది చూడండి, అలాంటిది.

"ఫోన్లోనే వేల ఫొటోలు తీసుకుంటున్న రోజుల్లో ఈ పాత గోల ఎందుకండీ" అంటారా? అడగాల్సిన ప్రశ్నే. జవాబు కూడా సూటిగానే చెబుతాను.

ముందు నిజం చెప్పుకుందాం

ఫిల్మ్ కడగడం వస్తే ఉద్యోగం వస్తుందని నేను చెప్పడం లేదు. రాదు. ఆ వృత్తి మన కళ్ల ముందే కరిగిపోయింది. తెలుగులో తొలి పూర్తి రంగుల సినిమా లవకుశ 1963లో వచ్చింది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు తెలుగు తెర మీది రంగులన్నీ ల్యాబుల్లోని రసాయనాల తొట్లలోంచి వచ్చినవే. పెళ్లి ఫొటోల సంగతీ అంతే. చిన్న ఊళ్ల స్టూడియోవాళ్లు ఫొటోలు తీసి, రీళ్లను పట్టణాల్లోని కలర్ ల్యాబులకు పంపి ప్రింట్లు తెప్పించేవారు. ఇప్పుడు కొన్ని స్టూడియోల బోర్డు మీద 'కలర్ ల్యాబ్' అన్న అక్షరాలు మిగిలాయి, లోపల మాత్రం డిజిటల్ ప్రింటరే ఉంటుంది.

తొలి డిజిటల్ కెమెరాను 1975లో తయారు చేసింది కొడక్ కంపెనీ ఇంజినీరు స్టీవ్ శాసన్. అదే కొడక్ 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది. మన దేశంలో ఊటీ దగ్గర ప్రభుత్వ రంగంలో నడిచిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ఒకప్పుడు 'ఇందు' పేరుతో ఫిల్మ్ అమ్మేది. అదీ మూతపడింది. అందుకే ఈ రోజు మీరు కొనే కలర్ రీలు విదేశాల నుంచి వచ్చిందే, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది.

కాబట్టి "అనలాగ్ ఫొటోగ్రఫీ కోర్సు, నూరు శాతం ప్లేస్‌మెంట్" అని ఎవరైనా ఫీజు అడిగితే ఇవ్వకండి. నేను చెప్పేది కోర్సు గురించి కాదు. సొంతంగా ఒక ప్రాసెస్ నడపడం గురించి. పెద్ద ఫ్యాక్టరీలో ఉండే క్రమశిక్షణ అంతా ఒక బకెట్లో ఇమిడిపోయే పని ఇది. కొలత ఉంటుంది, గడియారం ఉంటుంది, చేసిన తప్పుకి సాక్ష్యం మిగులుతుంది. వెనక్కి వెళ్లే బటన్ మాత్రం ఉండదు.

డబ్బాలో ఏం జరుగుతుంది?

కలర్ నెగెటివ్ ఫిల్మ్ కడిగే పద్ధతి పేరు సి-41. కొడక్ 1972లో తెచ్చింది. ఫిల్మ్ ఏ కంపెనీదైనా, మామూలు కలర్ నెగెటివ్‌ను ఇవాళ్టికీ ఈ పద్ధతిలోనే కడుగుతారు.

రీలును చిమ్మచీకట్లో ప్లాస్టిక్ చక్రానికి చుట్టి, వెలుతురు చొరబడని డబ్బాలో పెట్టి మూత బిగించాలి. బ్లాక్ అండ్ వైట్ ప్రింట్లు వేసే గదిలో ఎర్ర లైటు చూసి ఉంటారు. కలర్ ఫిల్మ్‌కి అది కూడా పనికిరాదు. చేతులు దూర్చడానికి వీలున్న నల్ల సంచి ఒకటి దొరుకుతుంది, దాన్ని చేంజింగ్ బ్యాగ్ అంటారు. అది లేకపోతే కిటికీ లేని గదిలో, రాత్రిపూట, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి చేసుకోవచ్చు. మూత బిగించాక మిగతా పనంతా లైటు వేసుకునే చేయొచ్చు. ద్రావణాలను పోయడానికి, పారబోయడానికి వీలుగా ఆ మూత ఉంటుంది.

మొదట డెవలపర్ పోయాలి. 37.8 డిగ్రీల సెల్సియస్ దగ్గర 3 నిమిషాల 15 సెకన్లు. వేడిలో తేడా 0.15 డిగ్రీ మించకూడదని ప్రమాణం. మధ్యమధ్యలో డబ్బాను తిరగేసి కదుపుతుండాలి. తర్వాత బ్లీచ్ ఆరున్నర నిమిషాలు, నీటితో కడగడం, ఫిక్సర్ ఆరున్నర నిమిషాలు, మళ్లీ నీళ్లు, చివరగా స్టెబిలైజర్. ఇళ్లలో వాడే చిన్న కిట్లలో బ్లీచ్, ఫిక్సర్ రెండూ కలిపి ఒకే సీసాగా ఇస్తారు. దాన్ని బ్లిక్స్ అంటారు. కిట్‌ని బట్టి సమయాలు కాస్త మారతాయి, అట్ట మీద రాసిందే ప్రమాణం.

ఇంతకీ లోపల ఏం జరుగుతోంది? ఫిల్మ్ మీద మూడు ముఖ్యమైన పొరలు ఉంటాయి. ఒకటి నీలి కాంతిని, ఒకటి ఆకుపచ్చ కాంతిని, ఒకటి ఎర్ర కాంతిని పట్టుకుంటుంది. కాంతి తగిలిన చోట వెండి లవణం డెవలపర్ వల్ల వెండిగా మారుతుంది. ఆ పని చేసి ఆక్సీకరణం చెందిన డెవలపర్, పొరలో ముందే ఉన్న కప్లర్ అనే పదార్థంతో కలిసి రంగు అవుతుంది. నీలి పొరలో పసుపు, ఆకుపచ్చ పొరలో మెజెంటా, ఎర్ర పొరలో సయాన్. బ్లీచ్ ఆ వెండిని మళ్లీ లవణంగా మారుస్తుంది, ఫిక్సర్ దాన్ని కరిగించి బయటకు లాగేస్తుంది. చివరికి కలర్ నెగెటివ్‌లో వెండి మిగలదు, రంగులు మాత్రమే మిగులుతాయి. వెండంతా వాడేసిన ఫిక్సర్లోకి వెళ్లిపోతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత దీనితో పని ఉంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. డెవలపర్ దగ్గర 0.15 డిగ్రీ తేడాకే అంత పట్టుదల ఎందుకు? బ్లీచ్, ఫిక్సర్ మాత్రం 24 నుంచి 40 డిగ్రీల మధ్య ఎక్కడున్నా ఫర్వాలేదని ఎందుకంటారు? డెవలపర్ పని ఎప్పటికీ పూర్తి కాదు, మనమే మధ్యలో ఆపాలి. ఎప్పుడు ఆపామన్నదాన్ని బట్టే ఫలితం ఉంటుంది. పైగా మూడు పొరలూ ఒకదానితో ఒకటి సరితూగాలి. వేడి మారితే ఒక పొర ముందుకు పోతుంది, ఇంకోటి వెనకబడుతుంది, రంగులు తప్పుతాయి. బ్లీచ్, ఫిక్సర్ల పని వేరు. అవి పూర్తయ్యే దాకా జరిగే పనులు, కాసేపు ఎక్కువ ఉంచినా నష్టం లేదు.

ప్రతి ప్రాసెస్‌లోనూ ప్రాణం లాంటి అడుగు ఒకటి ఉంటుంది. మందుల కంపెనీల్లో దాన్ని 'క్రిటికల్ ప్రాసెస్ పారామీటర్' అంటారు. ఆ మాట పుస్తకంలో బట్టీ పట్టినవాడికీ, ఆ అడుగు దగ్గర ఊపిరి బిగబట్టి థర్మామీటర్ చూసినవాడికీ జవాబు చెప్పడంలో తేడా తెలిసిపోతుంది.

మన ఎండ, మన నీళ్లు

37.8 డిగ్రీల సెల్సియస్ అంటే ఫారెన్‌హీట్‌లో సరిగ్గా 100. మన ఇళ్ల భాషలో చెప్పాలంటే వంద జ్వరం! ఇంట్లో జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరే బకెట్లో నీళ్ల వేడి చూడటానికి పనికొస్తుంది. అయితే అది అత్యధిక వేడినే పట్టుకుని చూపిస్తుంది. నీళ్లు చల్లారుతున్నాయో లేదో తెలియాలంటే ప్రతిసారీ ఆపి మళ్లీ వేయాలి. ఒకసారి ఈ పనికి వాడాక దాన్ని దీనికే ఉంచేయండి, నోట్లో పెట్టుకోకండి.

చలి దేశాల్లో ఈ పని చేసేవాళ్లకి నీళ్లు వేడిగా నిలబెట్టడమే పెద్ద తలనొప్పి. మా అంబాజీపేటలో మే నెలలో తలనొప్పి తిరగబడుతుంది. మిట్టమధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నీళ్లు పట్టి చూడండి, 38 డిగ్రీలు దాటేసి కూడా ఉండొచ్చు. అప్పుడు వేడి చేయడం కాదు, చల్లార్చుకోవడం మీ పని అవుతుంది. తెల్లవారుజామున చేస్తే ఒక రకం, మధ్యాహ్నం చేస్తే ఇంకో రకం. డిసెంబరులో మళ్లీ లెక్క మొదటికొస్తుంది. కిట్ అట్ట మీద మీ ఊరి వాతావరణం రాసి ఉండదు. దాన్ని లెక్కలోకి తెచ్చుకోవాల్సింది మీరే.

నీళ్లు కూడా అంతే. సముద్రానికి దగ్గరైన కోనసీమలో కొన్నిచోట్ల బోరు నీళ్లు ఉప్పగా తగులుతాయి. ఆ నీళ్లతో చివరి కడుగు కడిగితే ఆరాక నెగెటివ్ మీద తెల్ల మచ్చలు మిగులుతాయి. డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీల షాపులో దొరుకుతుంది. ద్రావణాలు కలపడానికీ, చివరి కడుగుకీ అది వాడండి. వానాకాలంలో గాలిలో తేమ వల్ల ఫిల్మ్ ఆరడానికి చాలాసేపు పడుతుంది. ఆ తడి మీద దుమ్ము పడితే గీతలే. ఫ్యాన్ కింద వేలాడదీయడం కన్నా, అప్పుడే స్నానాలు అయిన బాత్‌రూమ్‌లో తలుపు వేసి వేలాడదీస్తే దుమ్ము తక్కువ.

లోపల ఏం జరుగుతోందో చూడకుండా నమ్మకంగా పని చేయడం మా ఊరికి కొత్తేమీ కాదు. కురిడీ కొబ్బరి తయారు చేసేవాళ్లని చూడండి. ముదురు కాయల్ని అటకల మీద నెలల తరబడి ఉంచుతారు. నీరు ఇంకిందో లేదో పగలగొట్టి చూడరు. కాయని ఊపి, లోపల గుండు కదిలే చప్పుడును బట్టి చెప్పేస్తారు. ఫిల్మ్ డబ్బా కూడా మూసిన కాయ లాంటిదే. మూత తీసి చూస్తే పని చెడిపోతుంది. బయటి నుంచి దొరికే ఆనవాళ్లే మీకు ఆధారం.

తేడా వచ్చినప్పుడే అసలు పాఠం

మొదటి రీలు బాగా రాకపోవచ్చు. అక్కడే మీ పెట్టుబడికి ఫలితం మొదలవుతుంది, నిరాశపడకండి. కడిగిన ఫిల్మ్ తన తప్పు ఏంటో తనే చెబుతుంది, చదవడం తెలియాలంతే.

ఫిల్మ్ మొత్తం ఖాళీగా, పారదర్శకంగా వచ్చిందనుకోండి. అంచులు చూడండి. అక్కడ ఫిల్మ్ పేరు, ఫ్రేమ్ నంబర్లు ఉండాలి. వాటిని ఫ్యాక్టరీలోనే కాంతితో ముద్రిస్తారు, డెవలప్ చేస్తేనే కనిపిస్తాయి. అంచు అక్షరాలు స్పష్టంగా ఉండి ఫొటోలు లేకపోతే మీ రసాయనాలు బాగానే పనిచేశాయి, కెమెరాలో రీలు తిరగలేదన్నమాట. అక్షరాలు కూడా లేవంటే డెవలపర్ చచ్చిపోయి ఉండాలి, లేదా దానికన్నా ముందు బ్లిక్స్ పోసి ఉండాలి.

అంచులతో సహా మొత్తం నల్లగా మాడిపోయిందా? ఎక్కడో వెలుతురు దూరింది. బొమ్మ ఉంది గానీ ముదురుగా, మురికి పట్టినట్టు ఉందా? బ్లీచ్ సరిపోక లోపల వెండి మిగిలింది. పాల రంగులో మసకగా ఉందా? ఫిక్సర్ చాలలేదు. ఈ రెండూ దిద్దుకోగలిగినవే, ఆ అడుగు మళ్లీ చేస్తే చాలావరకు సర్దుకుంటుంది. చక్రానికి చుట్టేటప్పుడు రెండు చుట్లు ఒకదానికొకటి అతుక్కుని, అక్కడ ద్రావణం తగలకపోతే మాత్రం చేసేదేమీ లేదు. ఏది దిద్దుకోగలం, ఏది దిద్దుకోలేం అన్నది చేతికి తెలియడాన్నే అనుభవం అంటారు.

అందుకని ఒక నోట్‌బుక్ పెట్టండి. ఈ వ్యాసం మొత్తంలో మీరు ఒక్క మాటే తీసుకుంటే ఇదే తీసుకోండి. తేదీ, ఫిల్మ్ పేరు, డెవలపర్ ఎప్పుడు కలిపారు, దాంతో అప్పటికి ఎన్ని రీళ్లు కడిగారు, పోసినప్పుడు వేడి ఎంత, పారబోసినప్పుడు ఎంత, ఎన్నిసార్లు కదిపారు, ఏ నీళ్లు వాడారు, ఫలితం ఏంటి, రాసుకున్న పద్ధతి నుంచి ఎక్కడ పక్కకి పోయారు. ప్రతి రీల్లో మొదటి ఫ్రేము ఒకే వస్తువును, ఒకే చోట, ఒకే వేళలో తీయండి. పెద్ద ల్యాబుల్లో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కంట్రోల్ స్ట్రిప్ కడిగి, యంత్రంతో కొలిచి చూసుకునేవారు. మీ మొదటి ఫ్రేమే మీ కంట్రోల్ స్ట్రిప్. నోట్‌బుక్ లేకుండా పది రీళ్లు కడిగినవారి కన్నా, నోట్‌బుక్‌తో నాలుగు రీళ్లు కడిగినవారి మాటకే బలం ఎక్కువ.

ఇంటర్వ్యూలో ఎలా చెప్పాలి?

"నాకు ఫొటోగ్రఫీ హాబీ సార్" అనకండి. ఆ మాట ఎదుటివాళ్లు రోజూ వింటారు. ఇలా చెప్పగలిగితే ఎలా ఉంటుందో చూడండి:

"మూడో రీలు పలచగా వచ్చింది సార్. అంచు అక్షరాలు కూడా పలచగానే ఉన్నాయి, కాబట్టి లోపం కెమెరాలో కాదు, డెవలపింగ్‌లో ఉందనుకున్నాను. రికార్డు చూస్తే వేడి, టైము రెండూ సరిగానే ఉన్నాయి. కానీ డెవలపర్ కలిపి ఆరు వారాలైంది, సీసా సగం ఖాళీగా ఉంది. గాలి తగిలి పాడైందని అనుకుని, కొత్తది కలిపి చిన్న సీసాల్లో అంచు దాకా నింపి పెట్టాను. నాలుగో రీలు సరిగ్గా వచ్చింది."

నాలుగు మాటలే. కానీ అందులో గమనించడం ఉంది, ఊహ ఉంది, రికార్డు చూడటం ఉంది, మార్చింది ఒక్కటే కావడం ఉంది, మళ్లీ పరీక్షించడం ఉంది. బీఎస్సీ కెమిస్ట్రీ చదివి హైదరాబాద్, విశాఖ వైపు మందుల కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు ఎస్ఓపీ, బ్యాచ్ రికార్డ్, డీవియేషన్, రూట్ కాజ్ అనే మాటలు వింటారు. ఆ నాలుగూ మీ నోట్‌బుక్‌లో వేరే పేర్లతో ముందే ఉన్నాయి. ఆ సీసా కథ మీకు నిజంగా జరిగితేనే చెప్పండి. అరువు తెచ్చుకున్న అనుభవం రెండో ప్రశ్నకే బయటపడిపోతుంది.

ఇది మందుల కంపెనీలకే పరిమితం కాదు. మా ఊళ్లోని ఉద్యాన పరిశోధన స్థానంలో కొబ్బరిని పీడించే తెల్లదోమ మీదకి మిత్ర పురుగుల్ని, మేలు చేసే శిలీంధ్రాన్ని ల్యాబులో పెంచి రైతులకు ఇస్తున్నారు. అక్కడా వేడి, శుభ్రత, తేదీ, రికార్డు. రొయ్యల హ్యాచరీలో అయినా, పాల డెయిరీలో అయినా, నీటి పరీక్షల ల్యాబులో అయినా అంతే. ఇంజినీరింగ్ చదివేవాళ్లైతే బకెట్ నీళ్ల వేడిని దానంతటదే నిలబెట్టే చిన్న కంట్రోలర్ తయారు చేయొచ్చు. అప్పుడు అది కొనుక్కున్న ప్రాజెక్టు కాదు, మీకు అవసరమై పుట్టిన ప్రాజెక్టు. కరెంటు పని కాబట్టి తెలిసినవాళ్ల పర్యవేక్షణలో చేయండి. ప్లగ్‌లో ఉన్న ఇమ్మర్షన్ హీటర్ నీళ్లలో ఉండగా చెయ్యి పెట్టకండి.

ఇక ఫిల్మ్‌తోనే నేరుగా ముడిపడిన పని కూడా కొంత మిగిలింది. అది కొత్త ఫిల్మ్ కడగడంలో కాదు, పాత ఫిల్మ్‌ని కాపాడటంలో. ఏలూరు ప్రాంతం నుంచి వెళ్లిన ఎల్.వి.ప్రసాద్ పెట్టిన ల్యాబ్ సంస్థ ఈ రోజు పాత సినిమాలను స్కాన్ చేసి, శుభ్రం చేసి, డిజిటల్‌గా పునరుద్ధరించే పనిలో ఉంది. 2022లో కేంద్ర ప్రభుత్వం పాత సినిమాల పునరుద్ధరణకు రూ.363 కోట్లు ప్రకటించింది. ముంబయిలోని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ 2019 డిసెంబరులో హైదరాబాద్ అన్నపూర్ణ స్టూడియోస్‌లో ఫిల్మ్ పరిరక్షణ శిక్షణ శిబిరం నడిపింది. ఫొటోగ్రఫీని డిగ్రీగా చదవాలనుకునేవారికి హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. ఇవి వందల ఉద్యోగాలున్న రంగాలు కావు. కానీ రంగు ఎలా పుడుతుందో తెలిసినవాళ్లకి, అది ఎలా వెలిసిపోతుందో కూడా త్వరగా అర్థమవుతుంది.

మీ ఊళ్లోనే ఇంకో చిన్న అవకాశం ఉంది. బీరువాల్లో, పెళ్లి ఆల్బమ్‌ల వెనక కవర్లలో ఎన్నో ఇళ్లలో నెగెటివ్‌లు పడి ఉన్నాయి. కోనసీమ తేమకి వాటికి బూజు పడుతోంది. ఆ ఇళ్ల పిల్లలు కొందరు గల్ఫ్‌లో, కొందరు అమెరికాలో ఉన్నారు. ఆ నెగెటివ్‌లను జాగ్రత్తగా తుడిచి, స్కాన్ చేసి, నారింజ రంగు పోగొట్టి అసలు రంగులు తెప్పించి ఇవ్వగలిగితే, పండక్కి ఊరొచ్చినవాళ్లు తప్పకుండా అడుగుతారు. అది నెలజీతానికి సమానం అవుతుందని చెప్పను. చదువుకుంటూ చేసుకోదగ్గ పని అని మాత్రం చెబుతాను. పరాయివాళ్ల పెళ్లి నెగెటివ్ ముట్టుకునే ముందు, మీ సొంత రీళ్ల మీద చేయి తిరగాలి. ఆ నెగెటివ్ ఒక్కటే ఉంటుంది, పోతే పోయినట్టే.

డబ్బు సంగతి, జాగ్రత్త సంగతి

ఈ సలహాకి బలమైన అభ్యంతరం డబ్బే. 36 ఫొటోల కలర్ రీలు ఒక్కటే ఇప్పుడు వెయ్యి రూపాయలకు అటూ ఇటూ ఉంది. కిట్, డబ్బా, సంచి కలిపితే వేలు అవుతాయి. ఉద్యోగం లేని కుర్రాడు ఇంట్లో ఇంత అడిగితే "ఉద్యోగం చూసుకోరా అంటే ఈ రసాయనాలేంట్రా" అంటారు. అనడంలో తప్పేం లేదు. అందుకే ఒక్కరే చేయకండి. అయిదుగురు కలవండి. లీటరు కిట్‌తో ఎనిమిది రీళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే కడగొచ్చు. కెమెరా కొనకండి. యాషికా ఎంఎఫ్-2, కొడక్ కేబీ-10 లాంటివి ఇంకా ఎందరి అటకల మీదో ఉన్నాయి. మీ మావయ్యనో, వీధి చివర స్టూడియో ఆయన్నో అడగండి. స్టూడియో ఆయన పాత రోజుల్లో రీళ్లు కడిగిన మనిషి అయితే మీ అదృష్టం, ఆయన దగ్గర కూర్చుని వినండి. అప్పు చేసి మాత్రం ఈ పనికి దిగొద్దు.

అదీ కుదరకపోతే ఫిల్మ్ వదిలేయండి, పద్ధతి పట్టుకోండి. పది కొబ్బరి చిప్పలు తీసుకుని నంబర్లు వేసి, రోజూ ఒకే వేళకి తూకం వేసి, ఎండలో ఉన్నవి ఎలా తగ్గుతున్నాయి, నీడలో ఉన్నవి ఎలా తగ్గుతున్నాయి, బరువు తగ్గడం ఎప్పుడు ఆగింది, బూజు దేనికి పట్టింది అని నెల రోజులు రాయండి. అదీ ఒక ప్రాసెస్సే. నేను కలర్ ఫిల్మ్‌ని ముందుకు తెచ్చింది, అందులో తప్పు దాచుకోవడానికి వీల్లేదు కాబట్టి.

రెండో అభ్యంతరం ప్రమాదం. ఇదీ నిజమే. కలర్ డెవలపర్ చర్మానికి తగిలితే కొందరికి అలర్జీ వస్తుంది. గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. గాలి ఆడే చోట చేయండి. వంట పాత్రలు, కూల్‌డ్రింక్ సీసాలు వాడకండి. పిల్లలు తాగేస్తారు. ప్రతి సీసా మీద పేరు, తేదీ రాయండి. బ్లిక్స్ చుక్క డెవలపర్లో పడితే అది పనికిరాకుండా పోతుంది, కాబట్టి మూతలు కూడా మార్చొద్దు.

వాడేసిన ద్రావణాన్ని ఎక్కడ పారబోయాలి? వెండంతా వాడిన ఫిక్సర్లోకి వెళ్లిపోతుందని చెప్పాను కదా. ఆ వెండి నీటిలోని జీవులకు మంచిది కాదు. కోనసీమలో ఏ ఇంటి పక్కనైనా కాలువో, చెరువో, కొబ్బరి తోటో ఉంటుంది. "నాలుగు చెంబులే కదా" అని అందులో పోసేస్తే, మీరు నేర్చుకున్న కెమిస్ట్రీకి అర్థం లేదు. క్యాన్లో పోసి, పేరు రాసి, మూత పెట్టి దాచండి. వెండి తీసేవాళ్లకి ఇవ్వొచ్చేమో పాత ఫొటో ల్యాబు వాళ్లని, ఆసుపత్రి ఎక్స్‌రే విభాగం వాళ్లని వాకబు చేయండి. ఇచ్చే దారి దొరికాకే మొదటి రీలు కడగండి. వ్యర్థాన్ని ఏం చేయాలో ముందు తేల్చుకుని తర్వాత పని మొదలుపెట్టే అలవాటు, చాలా ఫ్యాక్టరీలకే ఇంకా రావాల్సి ఉంది. మీకు ముందే వస్తే మంచిదే కదా.

ఈ ఆదివారం చేయాల్సింది

కిట్ ఆర్డర్ పెట్టకండి. రూపాయి ఖర్చు పెట్టకండి. ఒక బకెట్, ఒక చెంబు, జ్వరం చూసే థర్మామీటర్, ఫోన్లో స్టాప్‌వాచ్, పాత నోట్‌బుక్. ఇవి చాలు. బకెట్లో వేడినీళ్లు, చన్నీళ్లు కలిపి సరిగ్గా 100 ఫారెన్‌హీట్‌కి తీసుకురండి. చెంబు నిండా అవే నీళ్లు పోసి బకెట్లో నిలబెట్టండి. 3 నిమిషాల 15 సెకన్లు గడిచాక చెంబులో వేడి ఎంత తగ్గిందో రాయండి. పొద్దున్న ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి. బకెట్ నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, సగం ఉన్నప్పుడు ఒకసారి.

అయిదు లైన్లు వస్తాయి. వాటిని చూసి మీ ఇంట్లో, మీ నీళ్లతో, ఏ వేళకి వేడి బాగా నిలబడుతుందో మీరే చెప్పగలగాలి. చెప్పగలిగితే అయిదుగురిని పోగేసి కిట్ తెప్పించండి. ఇదంతా విసుగ్గా అనిపించిందా? అదీ పనికొచ్చే సమాచారమే. ల్యాబ్ ఉద్యోగం మీకు సరిపోతుందో లేదో, ఫీజు కట్టకుండా ఒక బకెట్ చెప్పేసినట్టు.